గెయిన్ అంటే వాల్యూమ్ కాదని సబ్ ఊఫర్ కాల్చుకున్నాక తెలిసింది

పోయిన ఎండాకాలం గుంటూరు నుంచి బెజవాడ వస్తున్నాం, కాజ టోల్‌గేట్ దాటి పది నిమిషాలు కూడా కాలేదు, కారులో ఏదో కాలిన వాసన. ముందు మా ఆవిడ పట్టేసింది, ఏసీలోంచేమో అంది. పక్కకి ఆపి బానెట్ ఎత్తి చూశా, అంతా బానే ఉంది. టైర్లు చూశా, హ్యాండ్ బ్రేక్ చూశా. డిక్కీ తీశాక గుప్పున వచ్చింది. వార్నిష్ కాలిన వాసన. మా ఊళ్ళో పొలం మోటార్లు వైండింగ్ కాలినప్పుడు ఎట్టా కొడుతుందో అచ్చం అదే. బేస్ కొట్టే స్పీకర్, అదే సబ్ ఊఫర్, దాని కోన్‌ని రెండు వేళ్ళతో మెల్లగా నొక్కితే లోపల గరగరా అంటోంది, ఇంక అర్థమైపోయింది.

అప్పటికి సిస్టమ్ పెట్టించి మూడు నెలలే. ముందు డోర్లలో కాంపోనెంట్ స్పీకర్లు, వెనక డోర్లలో మామూలు కోయాక్సియల్ స్పీకర్లు, వాటికి నాలుగు ఛానెళ్ళ ఆంప్ (ఆంప్లిఫయర్), డిక్కీలో 12 అంగుళాల సబ్, దానికి విడిగా ఒక మోనో ఆంప్. బిగించిన షాపు పేరు ఎందుకులెండి, కుర్రాడు పని నీట్‌గానే చేశాడు, కాకపోతే చివర్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆంప్ మీది గెయిన్ స్క్రూ తిప్పుతూ "అన్నా చాలా, ఇంకొంచెం పెంచనా" అన్నాడు, నేను "పెంచు తమ్ముడూ" అన్నా. బేస్ బూస్ట్ కూడా ఆ చివరికంటా తిప్పించింది నేనే. అద్దాలు దడదడలాడుతుంటే మురిసిపోయి డబ్బులిచ్చి వచ్చేశా, కాబట్టి తప్పులో సగం వాటా నాదే, ఇంకా మాట్లాడితే ముప్పాతిక.

సబ్ లోపలి కాయిల్ (తీగచుట్ట), కోన్ మార్పించడానికి 2,400 అయింది. డీజే బాక్సులకి కాయిళ్ళు వేసే ఆయన ఒకాయన ఉన్నాడు, పాత కాయిల్ బయటికి తీసి నా చేతిలో పెట్టాడు, నల్లగా బొగ్గులా ఉంది, ఒక పక్క చుట్లు విడిపోయి వేలాడుతున్నాయి. "గెయిన్ ఎక్కడ పెట్టావు బాబూ" అని అడిగాడు. మూడొంతులు అన్నా. ఆయన ఇంకేం అనలేదు, నవ్వాడు, అంతే.

ఈసారి షాపుకి వెళ్ళకూడదు, మనమే చేసుకోవాలి అనుకున్నా. రెండు రాత్రులు కూర్చుని వీడియోలు చూసి లెక్క నేర్చుకున్నా. లెక్క చిన్నదే. స్పీకర్‌కి ఎన్ని వాట్లు ఇవ్వాలో దాన్ని స్పీకర్ ఓంలతో (కరెంటుకి అది ఇచ్చే అడ్డు) గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది వోల్టులు, ఆంప్ అవుట్‌పుట్‌లో మీటరు పెట్టి ఆ వోల్టులు వచ్చేదాకా గెయిన్ తిప్పి ఆపేయాలి. నా సబ్ 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే పవర్), దాని వెనక స్టిక్కర్ మీద 4 ఓం అని ఉంది, 300 ఇంటూ 4 అంటే 1200, వర్గమూలం 34.6. పదో తరగతి తర్వాత వర్గమూలం వాడింది అదే మొదలు, భలే గర్వంగా అనిపించింది. ఆ గర్వం ఒక్క రోజే ఉందనుకోండి.

మా మేనమామ గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు, ఒకప్పుడు రేడియోలు టీవీలు బాగుచేసేవాడు, ఇప్పుడు ఊరికే ఇంట్లోనే. ఆయన దగ్గర పాత డబ్బా ఆసిలోస్కోప్ (వోల్టేజీ అలని తెర మీద గీతగా చూపించేది) ఒకటి ఉంది, చిన్నప్పుడు ఆ పచ్చ గీత చూడటానికే వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. ఫోన్ చేసి ఇదీ సంగతి మావయ్యా అంటే "ఆదివారం పొద్దున్నే రా అల్లుడూ, ఎండెక్కకముందే" అన్నాడు. ఏడింటికల్లా వాళ్ళ ఇంటి ముందు కారు పెట్టేశా. ఇంజిన్ ఆన్‌లో ఉంచి చేయాల్సిన పని కదా, పొగ ఇంట్లోకి రాకుండా బయటే గేటు ముందు పెట్టించాడు.

కూర్చోబెట్టి మొదట నన్నే అడిగాడు, గెయిన్ అంటే ఏందిరా అని. సౌండు పెంచేది అన్నా. "అది కాదు. పెళ్ళిలో మైక్‌సెట్టు కుర్రాణ్ణి చూశావుగా, మైక్ పట్టుకున్నాయన మెల్లగా మాట్లాడితే నాబు పెంచుతాడు, గట్టిగా అరిచేవాడొస్తే తగ్గిస్తాడు, పెంచింది పెంచినట్టే ఉంచి అరిచేవాడికి మైక్ ఇచ్చాడనుకో ఏమవుద్ది" అన్నాడు. బర్రున మోగుతుంది. "అదే. నీ స్టీరియో ఎంత గట్టిగా అరుస్తుందో ఆంప్‌కి చెప్పడమే ఆ స్క్రూ పని." ఇన్ని వీడియోలు చూశా గానీ ఇంత సింపుల్‌గా ఎవరూ చెప్పలేదు.

అప్పుడు ఆంప్ మీద గెయిన్ పక్కన రాసిన అంకెలు మొదటిసారి సరిగ్గా చూశా. ఒక చివర 6 వోల్టులు, ఇంకో చివర 0.2 వోల్టులు. పెంచే కొద్దీ అంకె తగ్గుతుంది! అంటే 0.2 దగ్గర పెడితే స్టీరియో నుంచి 0.2 వోల్టులు వస్తే చాలు ఆంప్ ఫుల్ పవర్ కొట్టేస్తుందన్నమాట. నా స్టీరియో బాక్సు మీద ప్రీ అవుట్ (ఆంప్‌కి పంపే సిగ్నల్) 2 వోల్టులు అని ఉంది, షాపు కుర్రాడు పెట్టింది ఇంచుమించు 0.5 దగ్గర. వాల్యూమ్ ఇంకా చాలా మిగిలి ఉండగానే ఆంప్ పని అయిపోతోంది, అక్కణ్ణుంచి నేను పెంచిందంతా గరగరే. ఆ గరగరనే నేను బేస్ అనుకున్నా మూడు నెలలు.

మావయ్య మొదట ఆంప్ జోలికే వెళ్ళలేదు. స్టీరియో వెనక నుంచి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైరు ఆంప్ దగ్గర పీకి దానికి స్కోప్ ప్రోబ్ తగిలించాడు. స్టీరియోలో ఈక్వలైజర్ మొత్తం సున్నా, లౌడ్‌నెస్ ఆఫ్, ఫేడర్ బ్యాలెన్స్ మధ్యలో. నేను పెన్‌డ్రైవ్‌లో టెస్ట్ టోన్లు వేవ్ ఫైళ్ళుగా వేసుకెళ్ళా, సబ్‌కి 50 హెర్ట్జ్, డోర్లకి 1000 హెర్ట్జ్, రెండూ 0 డెసిబెల్, అంటే రికార్డింగులో ఉండగలిగే గరిష్ఠ మట్టం. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పెడదాం అంటే వద్దన్నాడు, ఫోన్ వాల్యూమ్ ఎక్కడుందో దానికో లెక్క మళ్ళీ.

నా స్టీరియోలో వాల్యూమ్ 40 దాకా ఉంది. 20, 25, 30... పచ్చ గీత నున్నగా ఎక్కుతూ దిగుతూ ఉంది. 33 దాకా బానే ఉంది. 34కి వచ్చేసరికి పైన కొసలు అట్లకాడతో నొక్కినట్టు చదునైపోయాయి. 36 దగ్గరైతే ఇంక గోడలే. ఇదేనన్నమాట క్లిప్పింగ్ అంటే. స్పీకర్ లేదు, శబ్దం లేదు, ఊరికే గీత చూస్తుంటేనే నా కాలిపోయిన కాయిల్ కళ్ళ ముందు కనపడింది. ఒక అంకె వెనక్కి వేసుకుని 32 మన హద్దు అన్నాడు. అంటే ఆ పైన ఉన్న ఎనిమిది అంకెలు కంపెనీవాడు ఉత్తినే పెట్టాడా అనిపించింది గానీ, చాలా స్టీరియోలు ఇంతేనంట, ముప్పాతిక దాటాక నమ్మకూడదు. తర్వాత నేనే కుతూహలం కొద్దీ ఈక్వలైజర్‌లో బేస్ 4 పెంచి చూశా, ఇందాక 33 దాకా శుభ్రంగా ఉన్నది 29కే తలలు చదును. కాబట్టి గెయిన్ సెట్ చేసుకున్నాక ఈక్వలైజర్‌లో బేస్ పెంచారంటే చేసిన పనంతా కృష్ణలో కలిపినట్టే.

కాయిల్ ఎందుకు కాలుతుంది అన్నదానికి నేను చదివింది, క్లిప్ అయితే స్పీకర్‌కి డీసీ (ఒకే దిక్కు కరెంటు) వెళ్తుంది అని. మావయ్య ఒప్పుకోలేదు. గీత పైనా కిందా సమానంగా తెగుతున్నప్పుడు డీసీ ఎక్కణ్ణుంచి వస్తుందిరా అన్నాడు. నున్నటి అల అయితే కొసకి వెళ్ళి వెంటనే దిగిపోతుంది, చదునైన అల పైనే కూర్చుని ఉంటుంది, అదే ఎత్తులో పూర్తిగా గోడలా మారితే పవర్ రెండింతలు, 300 అనుకున్నది 600 అవుతుంది, కాయిల్‌కి చల్లబడే సందు దొరకదు. దానికి తోడు బెజవాడ మే నెల ఎండ, మూసిన డిక్కీ. కాలక ఏమవుతుంది.

ఇంక ఆంప్ దగ్గరికొచ్చాం. నేను జేబులోంచి కాయితం తీసి 34.6 మావయ్యా అని గొప్పగా చూపించా. ఆయన కాయితం చూడలేదు, "ఇది డబల్ కాయిల్ కదా, వాడు ఎట్టా కట్టాడు" అన్నాడు. బిక్కమొహం వేశా. సబ్ వైర్లు ఆంప్ నుంచి పీకి మీటరు ఓంలలో పెట్టి చూస్తే 1.8. అంటే రెండు 4 ఓం కాయిళ్ళు ప్యారలల్‌లో ఉన్నాయి, ఆంప్‌కి కనపడేది 2 ఓం. మీటరు ఎప్పుడూ రాసిన దానికన్నా కొంచెం తక్కువే చూపిస్తుంది, అది కాయిల్ తీగ డీసీ రెసిస్టెన్స్ మాత్రమే కదా. సిరీస్‌లో కట్టి ఉంటే ఏడు దాకా చూపించేది. లెక్క మళ్ళీ వేశాం, 300 ఇంటూ 2, 600, వర్గమూలం 24.5. నా 34.6 పెట్టుకుని ఇంటికి వెళ్ళి ఉంటే 2 ఓంల మీద అది 600 వాట్లు. ఆంప్ 2 ఓంల మీద ఇచ్చేదే 500, అంటే అటు సబ్‌కి రెండింతలు, ఇటు ఆంప్ కూడా క్లిప్పింగ్. ఇంకో తమాషా ఏంటంటే మీటరు ఏమీ చెప్పేది కాదు, స్పీకర్ పీకేసి కొలుస్తున్నాం కాబట్టి స్పీకర్ లోడు లేని ఆంప్ 34.6 కూడా ఇచ్చేస్తుంది, మనం ఆహా అనుకుని స్పీకర్ తగిలించాక అసలు కథ మొదలవుతుంది. లెక్క తెలిస్తే సరిపోదు, లెక్కలో వేసే అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూసుకోవాలి, ఆ స్టిక్కర్ మీద 4 ఓం అని ఒక్కో కాయిల్‌కి రాశాడు మరి.

సరే, అసలు పని. ఇంజిన్ స్టార్ట్ చేశాం, బ్యాటరీ దగ్గర ఆఫ్‌లో 12.4 ఉన్నది 14.1కి ఎక్కింది. సబ్ వైర్లు పీకే ఉన్నాయి. ఆంప్ మీద బేస్ బూస్ట్ సున్నా, లో పాస్ (పై ఫ్రీక్వెన్సీలని కోసే ఫిల్టర్) ఆ చివరికి, లేకపోతే మనం పంపే టోన్‌నే అది కోసేసి మనకి తప్పు లెక్క చూపిస్తుంది. గెయిన్ పూర్తిగా కిందకి. మీటరు ఏసీ వోల్టుల్లో, రెండు ముళ్ళూ ఆంప్ స్పీకర్ టెర్మినల్స్‌లో. 50 హెర్ట్జ్ టోన్, స్టీరియో 32. మావయ్య చిన్న ఫ్లాట్ స్క్రూడ్రైవర్ నాకిచ్చి మెల్లగా అన్నాడు. మెల్లగా అంటే మామూలు మెల్ల కాదండీ, స్క్రూ కదిలిందా లేదా అన్నంత తిప్పితే 6 నుంచి 11కి ఎగిరింది. ఊపిరి బిగబట్టి తిప్పా. 18... 21... 26, అయ్యో ఎక్కువైంది, వెనక్కి, 23.8, మళ్ళీ చీమంత ముందుకి, 24.6. "చాలు, వదిలెయ్, నువ్వేం ఇస్రోలో పని చెయ్యట్లా" అన్నాడు.

స్క్రూ ఎక్కడ ఆగిందో చూస్తే 2కీ 4కీ మధ్య. గడియారంలో చెప్పాలంటే తొమ్మిదిన్నర. ఇంతేనా? నా మొహం చూసి ఆయనకి తెలిసిపోయింది. ఆంప్ మొత్తం 500 తీసుకోవాలంటే 2 దగ్గర ఉండేది, మనకి కావాల్సింది 300 కాబట్టి ఇంకా కిందకి వచ్చింది, సరిగ్గానే ఉంది అన్నాడు. సబ్ తగిలించి అదే టోన్ రెండే రెండు సెకన్లు వినిపించాడు. లోపల వంటింట్లో స్టీలు గిన్నెలు మోగాయి, అత్తయ్య బయటికొచ్చి ఇద్దర్నీ ఒక చూపు చూసింది. ఆ రెండు సెకన్లలో మీటరు 24.6 నుంచి 24 దాకా దిగింది. 2 ఓం అన్నది కూడా పేరుకే, బాక్సులో పెట్టాక సబ్ మోగేటప్పుడు రెసిస్టెన్స్ ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కోలా పెరుగుతుందంట, కాబట్టి నిజంగా వెళ్ళేది 300 కన్నా తక్కువే, మనం పెట్టింది పైహద్దు.

డోర్ స్పీకర్ల దగ్గర ఇంకో పాఠం. అవి 60 వాట్లు, 4 ఓం, లెక్క ప్రకారం 15.5 వోల్టులు. 1000 హెర్ట్జ్ టోన్ పెట్టి నా 350 రూపాయల మీటరుతో కొలిస్తే 11 చూపిస్తోంది, పెంచుదామని స్క్రూడ్రైవర్ పెట్టబోతుంటే మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. స్కోప్ పెట్టి చూస్తే కొస 22 వోల్టుల దగ్గర ఉంది, దాన్ని 1.414తో భాగిస్తే 15.5, అంటే అప్పటికే కరెక్టుగా వచ్చేసింది, మీటరే అబద్ధం చెబుతోంది. ఇలాంటి చవక మీటర్లు ఇంట్లో కరెంటు కొలవడానికి చేసినవి, 50 హెర్ట్జ్ దగ్గర నిజం చెప్తాయి, 400 దాటాక వాటిష్టం. నా మీటరు వెనక పుస్తకంలో కూడా 40 నుంచి 400 హెర్ట్జ్ అనే ఉంది, చదివింది ఎవరు. స్కోప్ లేనివాళ్ళు హై పాస్ (కింది ఫ్రీక్వెన్సీలని కోసే ఫిల్టర్) తీసేసి తక్కువ ఫ్రీక్వెన్సీ టోన్‌తో, స్పీకర్లు పీకేసి కొలుచుకోవచ్చు అన్నాడు.

స్కోప్ వాడేవాళ్ళకి ఒక మాట, ఆయన మొత్తం పనికి ఒక్క ప్రోబే వాడాడు. ఒకటి ఆర్‌సీఏ దగ్గర, ఇంకోటి స్పీకర్ టెర్మినల్ దగ్గర పెడదాం ఇద్దరికీ పని తగ్గుతుంది కదా అంటే కసిరాడు. రెండు ప్రోబుల గ్రౌండు క్లిప్పులు లోపల ఒకటే, చాలా ఆంపుల్లో స్పీకర్ మైనస్ గ్రౌండు కాదు, రెండూ కలిస్తే షార్టే.

పక్కింటాయన ఈలోగా గోడ మీంచి చూస్తూ "పాట రావట్లేదేంటండీ, పాడైందా" అన్నాడు. గంటన్నర నుంచి కారు ఆన్‌లో ఉంది, ఇద్దరు మనుషులు డిక్కీలో తల పెట్టుకుని ఉన్నారు, ఒక్క పాట లేదు. ఆయన అనుమానం న్యాయమే.

అన్నీ తగిలించాక స్టీరియో సున్నాలో పెట్టి ఇంజిన్ రేజ్ చేస్తే సన్నగా కుయ్య్ మని వినపడేది మునుపు, ఇప్పుడు గెయిన్ తగ్గడంతో సగం పోయింది. మిగతా సగానికి ఆంప్ గ్రౌండు వైరు చూస్తే పెయింటు మీదే బోల్టు బిగించాడు. గరుకు కాయితం పెట్టి మెరిసేదాకా గీకి మళ్ళీ బిగిస్తే అదీ పోయింది. పవర్ వైరు కూడా బ్లేడుతో గీకి చూశాడు, లోపల తెల్లగా ఉంది, రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. దాన్ని తర్వాత నెలలో మార్చుకున్నా, ఆ బాధ వేరే.

డోర్లకి హై పాస్ 80, సబ్‌కి లో పాస్ 80 పెట్టుకుని మధ్యాహ్నం బిర్యానీ తిని బయల్దేరా. హైవే ఎక్కాక 28 దగ్గర పెట్టా. మొదటి పది నిమిషాలు నిజం చెప్పాలంటే నిరాశే. ఆ గుద్దుడు లేదు. మూడో పాటకొచ్చేసరికి తబలా చేతివేళ్ళు విడివిడిగా వినపడుతున్నాయి, బేస్ గిటార్ వాయించేవాడు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం వినపడుతోంది, ఇదివరకు అదంతా కలిపి ఒకే బుమ్ముబుమ్ము. 32 దాకా పెంచా, ఇంత సౌండు మునుపు ఎప్పుడూ పెట్టలేదు, చెవులు మాత్రం నొప్పెట్టలేదు.

ఒక్క ఇబ్బంది, పాత పాటలు కాస్త తక్కువగా వినపడతాయి. ఇప్పటి పాటలు రికార్డింగులోనే 0 దగ్గరికి తోసేసి ఉంటాయి, పాతవి అట్టా కాదు. అందుకని కొంతమంది −5 డెసిబెల్ టోన్‌తో సెట్ చేసుకుంటారు, టోన్ తగ్గిన మేరకు గెయిన్ పెరుగుతుంది. నేనూ డోర్లకి ఒకసారి అట్టా చేశా, కానీ 5 డెసిబెల్ అంటే వోల్టులు దాదాపు 1.8 రెట్లు, పాత పాటలు హాయిగా ఉన్నాయి గానీ కొత్త పాట 30లో పెడితే స, ష అక్షరాలు చెవిలో గుచ్చుకున్నాయి. రెండ్రోజులకే మళ్ళీ 0కి వచ్చేశా. సబ్ మీద మాత్రం ఆ ప్రయోగం చెయ్యలేదు, 2,400 ఇంకా గుర్తుంది.

మా ఆవిడ నెయిల్ పాలిష్ తీసుకుని రెండు ఆంపుల గెయిన్ స్క్రూల మీద గీతలు పెట్టా, 32, 24.5, 15.5 అని కాయితం మీద రాసి డిక్కీ మ్యాట్ కింద పెట్టా. మొన్న సర్వీసింగ్ నుంచి కారొస్తే మొదట తీసి చూసుకుంది అదే. గీతలు గీతల్లానే ఉన్నాయి. ఇప్పుడు మిగిలింది వెనక నంబర్ ప్లేటు, సబ్ శుభ్రంగా మోగడం మొదలయ్యాక అది గలగలమనడం బయటపడింది, డబల్ టేప్ తెచ్చా, ఎండ తగ్గాక అంటించాలి.